పోచమ్మ గొప్పా, ఫోర్‌మన్ గొప్పా

“ఇయ్యాల ఎవ్వలు సిమెంటు ముట్టొద్దు. ముట్టినోని ఇల్లు సల్లగుండదు,” అన్నాడు మేస్త్రీ పోశన్న ఊగిపోతూ. పోచమ్మ పూనింది మరి. వేపకొమ్మ దొరకని దేశం కనుక ఖర్జూరపు మట్ట పట్టుకుని ఊగుతున్నాడు. కల్లుకు బదులు దుకాణంలో దొరికే లబన్ మజ్జిగ పోశారు. పనివాళ్ళంతా పారలు కింద పడేసి దండాలు పెట్టేశారు.

ఫోర్‌మన్ ముత్యం గుండెలో రాయి పడింది. చమురు డబ్బుతో దోహా అంతా మేడలు లేస్తున్న డెబ్భై తొమ్మిదో సంవత్సరం. ముషైరిబ్ పేటలో స్లాబు ఇవాళే పడాలని, లేకపోతే నీ పోస్టు ఊడుతుందని ఇంజనీరు హమీదుద్దీన్ నిన్ననే తెగేసి చెప్పాడు. పూర్వం రాజు గొప్పా, గుడి గొప్పా అని కొట్టుకు చచ్చేవారట. ఆ తగవు సముద్రం దాటి వచ్చి తన నెత్తినే పడాలా అని ముత్యానికి ఏడుపొచ్చింది.

“అమ్మా, జర కనికరించు. నా ఫోర్‌మన్ పోస్టు పోతది.”

“నా ముందట నెత్తి మీద టోపీ, కాళ్ళకు బూట్లు. గింత పొగరా నీకు?”

“తప్పైంది తల్లీ.” ముత్యం హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“బూట్లిడిసి ఎండల నిలబడు. నా కోపం సల్లారినంక చూస్త.”

జూన్ ఎండ. ఇసుక పేలాలు వేయించే మంగలంలా ఉంది. ముత్యం కాలు మార్చి కాలు ఎత్తుతూ నిలబడ్డాడు. అమ్మ మాత్రం నీడన కూర్చుని ఇంకో లబన్ తాగింది. పనివాళ్ళు భక్తిగా చూస్తున్నారు.

అంతలో హమీదుద్దీన్ జీపు దిగాడు.

“క్యా ముత్యం, ఈళ్ళు ఎవరి మాట వింటున్నరు?”

“అమ్మ మాట సాబ్.”

“ఆ అమ్మ మాట ఎవరు చెప్తున్నరు?”

“పోశన్న.”

“బస్, సమజైంది.” హమీదుద్దీన్ ముత్యం చంకలోని హెల్మెట్ లాగి, ఇంకా ఊగుతున్న పోశన్న నెత్తిన పెట్టాడు. “ఇయ్యాల్టి సంది ఫోర్‌మన్ ఈయనే. యల్లా, స్లాబు వేయించు,” అని జీపెక్కి పోయాడు.

ముత్యం కాలిన కాళ్ళతోనే పరుగెత్తి అమ్మ పాదాల మీద పడ్డాడు. “నువ్వు చెప్పినట్టే చేస్తిని గద తల్లీ. నా పోస్టు నాకు ఇప్పియ్యి.”

పోశన్న ఒంట్లోంచి అమ్మ ఇంకా దిగలేదు. హెల్మెట్ సర్దుకుని, ముత్యం వంక జాలిగా చూసి అంది:

“నౌకరి సంగతి నాకేం ఎరుక బిడ్డా? పోయి ఫోర్‌మన్‌ను అడుగు.”