గద్దవీరుడి ఆఖరి ఆట

తెల్లారేసరికి మబ్బు కూర్మన్నపాలెం మీద ఆనుకుని కూర్చుంది. కురవదు, కదలదు. కూలీల లారీ వచ్చి ఆగినా తవిటయ్య ఎక్కలేదు.

"ఎక్కు బావా," అన్నాడు కొండలరావు. అతను తవిటయ్య భార్యకు అన్న, ఆ ముఠాకు మేస్త్రీ.

"నాను రాను ఈయేల."

"ఈ వారంలో మూడు నాగాలెట్టేసేవు. ఈయేల గాని రాకపోతే కాంట్రాక్టరు నీ పేరు కొట్టేత్తానన్నాడు. నానింక అడ్డం పడలేను."

"రేపట్నుంచి వొత్తాను."

"ఈయేల టౌన్లో ఏటుంది?"

తవిటయ్య కండువా అంచు చూసుకున్నాడు. లారీ మీంచి కుర్ర కూలీ గురువులు అందుకున్నాడు.

"నాను సెప్తాను. ఆ గద్దవీరుడి సినిమాకెళ్తన్నాడు. మొన్న నేల టికెట్టులో నోరు తెరుసుకుని కూకున్నాడు మావ!"

లారీ అంతా ఘొల్లుమంది.

గద్దవీరుడి పేరు చెబితే అందరికీ నవ్వే. పచ్చ పేంటు మీద ఎర్ర చెడ్డీ, మొహానికి గద్ద ముక్కున్న ముసుగు, వీపుకి అట్ట రెక్కలు. ఎగిరినప్పుడల్లా నడుముకి కట్టిన తాడు కనిపించేది. హాలు రోజూ నిండేది గాని, చూశామని ఎవరూ చెప్పుకునేవారు కాదు.

"యాబై ఏళ్లొచ్చాయి. పేంటు మీద సెడ్డీ ఏసుకున్నోడి కోసం పని పోగొట్టుకుంతావా?" అన్నాడు కొండలరావు.

"షూటింగు ఈ సుట్టుపట్లే, కాళీ సేసిన ఊళ్లలో ఎక్కడో సేసేరంట," అన్నాడు గురువులు. "అప్పుడే హీరోయిను మావకి కన్ను గీటుంతాది!"

తవిటయ్య కూడా నవ్వబోయాడు. రాలేదు.

"బాగుంతాది బావా," అన్నాడు మెల్లిగా. "ఈయేలే ఆఖరు. రేపు కొత్త బొమ్మేసేత్తారు."

లారీ వెళ్లిపోయింది. అతను ఇంటిదారి పట్టాడు.

ఉక్కు ప్లాంటు కోసం ఊళ్లు వదిలినవాళ్లకిచ్చిన కాలనీ అది. పక్కింటివాళ్లది ఒక ఊరు, ఎదురింటివాళ్లది ఇంకొకటి. వచ్చి నాలుగేళ్లయింది; వెనక పాత ఊళ్లన్నీ కూల్చేశారు. తవిటయ్య భార్య సన్యాసమ్మ మాట తగ్గించేసింది. పక్కింటి గంగాలమ్మ పలకరించినా తలూపి ఊరుకుంటుంది. వంటయ్యాక గోడకేసి చూస్తూ కూర్చుంటుంది.

"సినిమాకి పోదాం, రాయే," అన్నాడు తవిటయ్య.

"పని మానీసి సినిమాయేటి? ఏ బొమ్మ?"

చెప్పాడు.

"ఆ సెడ్డీ ఓడా? సిగ్గు నేదేటి నీకు? కాలనీ అంతా నవ్వుతాది."

"నవ్వనీ. నీ కాళ్లు పట్టుకుంతాను సన్నేసీ."

పాతికేళ్ల కాపురంలో అతని నోట ఆ మాట రాలేదు. ఎందుకో చెబితే ఆమె రాదని అతనికి తెలుసు. ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, లేచి చీర మార్చుకుంది.

నేల టికెట్టులో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. మధ్యన నడుమెత్తు గోడ. తవిటయ్య గోడవార చోటు చూసుకుని కూర్చున్నాడు. ఆమె తల దించుకునే కూర్చుంది. తాడు కనిపించినప్పుడల్లా హాలు నవ్వింది. బట్టతల విలను నవ్వినప్పుడు ఇంకా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి రేకు డబ్బాలతో చేసిన ఇనప రాకాసి ఒక ఊరి మీద పడింది. జనం పరుగులు, పొగ. అప్పుడు గద్దవీరుడు తాడుకి వేలాడుతూ దిగి ఒక గుండ్రటి చుట్టింటి తాటాకు కప్పు మీద కాలు మోపాడు. కప్పు మీది పాదు కదిలి ఆనపకాయ ఒకటి దొర్లింది. వీరుడు అరచెయ్యి చాపాడు. రాకాసి ఆగిపోయింది.

ఈలలు. గాల్లోకి కాగితం ముక్కలు.

తవిటయ్య తెర చూడలేదు. గోడ మీదుగా సన్యాసమ్మను చూశాడు.

ఆమె లేచి నిలబడింది.

"కూకోయమ్మా, అవుపడ్డం నేదు!" వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆమె కూర్చోలేదు. చెయ్యి సగం లేచి గాల్లోనే ఉండిపోయింది. రాకాసి ముక్కలై, జనం వీరుణ్ణి భుజాలకెత్తుకున్నాకగాని కూలబడలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇద్దరూ బస్సెక్కారు. ఇంటికొచ్చేసరికి కొండలరావు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"పేరు కొట్టేసేరు బావా."

తవిటయ్య తలూపాడు.

"నువ్వూ ఎళ్లేవేటే సెల్లీ? ఎలగుంది ఆ కోతి బొమ్మ?"

"ఆపేసాడన్నా," అంది సన్యాసమ్మ.

"ఎవుడు? ఏటాపేసాడు?"

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది. ముగ్గురికీ కంచాలు పెట్టి, అన్నం వడ్డించి, పొద్దుటి చేపల పులుసు పోసింది. తవిటయ్య పక్కనే తనూ కూర్చుంది. కొండలరావు ఇద్దరి మొహాలూ చూసి కంచం దగ్గరికి జరుపుకున్నాడు. ముగ్గురూ తిన్నారు.

గద్దవీరుడు కాపాడిన ఆ చుట్టిల్లు వాళ్లదే.