మూడుసార్లూ ఒకటే గీత

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష చేసే ఆవిడను అందరూ ఊదుడక్క అంటారు. "ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా!" అని ఆవిడ అరిచే అరుపు పై అంతస్తు దాకా వినిపిస్తుంది మరి. అలాంటి మనిషితో పెద్ద డాక్టరు, "నీ మిషను లెక్కలు నమ్మేలా లేవమ్మా, రేపటినుంచి ఆ గది మూసేస్తున్నా" అనేశాడు.

ఊదుడక్కకు పంతం వచ్చింది. చీకటిపడి అందరూ వెళ్లాక, సరిగ్గా మూడు లీటర్ల గాలి పట్టే పంపును మిషను గొట్టానికి తగిలించి తోసింది. తెర మీద మూడు లీటర్లే పడింది. పదిసార్లు తోసినా అంతే. వెంటనే డాక్టరుకు ఫోను కొట్టింది.

"సార్, నా మిషను అబద్ధమాడదు. కావాలంటే వచ్చి చూసుకోండి."

"సరే తల్లీ, నువ్వే గెలిచావు. గది మూయనులే, నన్ను భోంచెయ్యనీ."

కూనిరాగం తీస్తూ పంపు సర్దుతూంటే తెర మీద గీత కదిలింది. గొట్టం ఖాళీ తిరుగుడు కుర్చీ ముందు వేలాడుతోంది. గీత మెల్లగా లేచింది, మెల్లగా దిగింది, ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

మిషను తప్పనడానికి లేదు. ఇప్పుడే కదా గెలిచింది.

తలుపు వైపు అడుగు వేసింది గాని, నోరు అలవాటు మానలేదు. "గుండెల నిండా పీల్చండి... ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా!"

గీత రివ్వున పైకి లేచింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత బుద్ధిగా ఊదిన పేషెంటు ఆవిడకు పదేళ్లలో తగల్లేదు.

"శభాష్! పేరు చెప్పండి, రిపోర్టు రాస్తాను" అంది.

కుర్చీ నెమ్మదిగా ఆవిడ వైపు తిరిగింది.