పదిహేనో రాయి

ఫుల్మతియా మేక గోతిలో పడింది.

నిన్నటిదాకా అక్కడ గొయ్యి లేదు. ఇంటి వెనక, పూర్వం గోర్ఖా దండు దిగిన దిబ్బ పక్కన, నడుము లోతున కొత్తగా తవ్వి ఉంది. గోతిలో ఒక ముసలాయన నిలబడి మేకను పైకెత్తి అందిస్తున్నాడు.

మేకను అందుకుంది గానీ, గోతిలోకి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

అడుగంతా నల్లగా బొగ్గు.

తెల్లవారితే రెండు దేశాల సర్వే అమీన్లు సరిహద్దు కొలవడానికి వస్తున్నారు. పద్నాలుగో రాయి ఉంది. పదహారో రాయి ఉంది. మధ్యలో పదిహేనోది నలభై ఏళ్ల కిందటి వరదలో కొట్టుకుపోయింది. అప్పటి ఊరూ దానితోనే పోయింది. ఇప్పుడున్నవాళ్లంతా తరవాత వచ్చి దిగినవాళ్లే. ఆ రాయి చోటు తేలకపోతే పద్నాలుగో రాయి నుంచి పదహారో రాయికి తిన్నగా తాడు లాగేస్తారు.

తాడు లాగితే ఫుల్మతియా ఇల్లు, పన్నెండు కట్ఠాల చేను అటు దేశంలో పడతాయి. మొగుడు పోయిన మనిషి. తనూ, ఇద్దరు కూతుళ్లూ తినేది ఆ చేను మీదే.

ఆమె అరవలేదు. వెళ్లి మరిది జోఖన్‌ను పిలుచుకొచ్చింది. జోఖన్ వెంట నలుగురు కర్రలతో వచ్చారు.

"ఏ వూరు బాబా నీది?"

"అటువైపు."

ఆ మాటతో మిగతా ప్రశ్నలు అయిపోయాయి. పేరు కూడా ఎవరూ అడగలేదు.

"అటువాడివి ఇటెందుకు తవ్వుతున్నావ్? దండువాళ్లు దాచిన వెండి కోసమా?"

"రాయి చోటు కోసం. ముందు బొగ్గు పోసి, దానిమీద రాయి నిలబెట్టారు. రాయి పోయినా బొగ్గు పోదు. రేపు అమీన్లు చూసేదాకా ముట్టుకోకండి."

జోఖన్ నవ్వాడు. "రాళ్లతో సరిహద్దు పెట్టడం విన్నాం. పొయ్యిలో బొగ్గుతో పెట్టడం నీ దగ్గరే వింటున్నాం."

ముసలాయన గోతిలోంచి ఎక్కివచ్చి, దిబ్బ మూల నుంచి అడుగులు లెక్కపెట్టి చూపించాడు. ఆయన అడుగులు ఎవరూ చూడలేదు. చేతులకంటిన మసినే చూశారు.

దయ్యాలు వదిలించే గురువాను పిలిపించారు. అతను గోతిలోకి వంగి చూసి పెదవి విరిచాడు. విధవ ఇంటి వెనక బొగ్గు పాతితే ఆ ఇంట్లో దీపం ఉండదని, పొద్దు వాలేలోపు పారే నీళ్లలో కలిపెయ్యాలని చెప్పాడు.

"నేను పాతలేదయ్యా, తవ్వి తీశాను." ముసలాయన గోతికి అడ్డంగా నిలబడ్డాడు. "నీళ్లలో కలపకండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"అటువాడివి, మాకు మేలు చెయ్యడానికి పార పట్టుకొచ్చావా?"

జోఖన్ పార లాక్కున్నాడు. ఎవడో వెనకనుంచి నెట్టాడు. ముసలాయన గోతి గట్టున మోకాళ్ల మీద పడ్డాడు. అక్కణ్ణుంచే ఫుల్మతియా వైపు చూశాడు.

"నువ్వన్నా చెప్పమ్మా."

ఆమె కూతుళ్లిద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

"వెళ్లిపో బాబా."

వెళ్లాడు. పార కూడా అడగలేదు.

బొగ్గు నాలుగు తట్టలయింది. గోకి గోకి తీశారు. నదిలో బోర్లించి వచ్చి, గొయ్యి పూడ్చి, పైన పేడనీళ్లు చల్లారు.

పొద్దున్నే అమీన్లు గొలుసులు, పటాలు తెచ్చుకుని దిగారు. ఇటు అమీన్ పటం పరిచి, రాయి పోతే పోయింది గానీ దాని కింద బొగ్గుండాలి, ఎన్నేళ్లయినా అది మన్నులో కుళ్లదు, తవ్వకాల్లో ఎవరికైనా తగిలిందా అని అడిగాడు.

జోఖన్ తల దించుకున్నాడు.

ఫుల్మతియా పరుగెత్తింది. పూడ్చిన చోట చేతులతో తవ్వింది. గోళ్లు చిట్లాయి. మట్టి వచ్చింది, పేడ వచ్చింది, చివరికి చిటికెడు మసి వచ్చింది. దాన్ని గుప్పిట్లో పెట్టుకొచ్చి చూపించింది.

అటు అమీన్ చూసి తల అడ్డంగా ఊపాడు. ఏ పొయ్యి దగ్గరైనా ఇంతకన్నా ఎక్కువే దొరుకుతుందన్నాడు.

మధ్యాహ్నానికి తాడు లాగారు. సున్నపు గీత ఆమె గుమ్మం ముందునుంచి పోయింది. ఇల్లు అటు పడింది.

అటు అమీన్ కాగితాలు మడుస్తూ, ఎవరికోసమో నదివైపు చూశాడు.

"మా లెక్కల్లో ఈ ఇల్లూ చేనూ ఇక కలిసేది ఒక ముసలాయన పొలంలో," అన్నాడు. "చిన్నప్పుడు ఆ రాయి మీద కూచుని పశువుల్ని కాశాడట. తనది కాని భూమి తనకొద్దని ఆరు నెలలు మా ఆఫీసు చుట్టూ తిరిగాడు. మాట చెల్లదు, గుర్తు చూపించమన్నాం. మొన్ననే పార పట్టుకుని ఇటు బయల్దేరాడు. రాలేదా?"