పాత తాళానికి కొత్త బ్యాటరీ

కూతురు ఆడుకునే కారు రిమోట్ తాళంలో లైటు వెలగట్లేదు. మొగుడికి చెప్పకుండా ఇల్లు వదిలిన రోజు సంచిలో పడి వచ్చిన అతని కారు తాళం అది. తల్లి గోరుతో పెంకు విప్పి, పాత బిళ్ల బ్యాటరీ తీసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆమె చెయ్యి ఆగిపోయింది. అడుగులు తన తలుపు దాటి పై అంతస్తుకు వెళ్లాకే ఊపిరి పీల్చుకుంది.

కొత్త బ్యాటరీ పెట్టి మూసింది. "ఇంద, నొక్కు."

"నాన్న తిట్టడా?"

"మనం ఇక్కడున్నామని మీ నాన్నకు తెలిస్తే కదా!"

పాప నొక్కింది. ఎర్రలైటు వెలిగింది. కిటికీ కింద, వీధిలో, ఓ కారు కీక్ కీక్ మంది.

"అమ్మా, మన కారు!" పాప కేక పెట్టింది.

తల్లి దాని నోరు మూసేలోపే, పైకి వెళ్లిన అడుగులు ఆగి, కిందికి దిగడం మొదలుపెట్టాయి.