ఛాసిస్‌కు బిగించిన కొక్కెం

సముద్రం ముందుకొచ్చి దివిసీమ రోడ్లన్నీ బురదయ్యాక, ఇంటింటికీ తనంతట తాను నడిచే, మాట్లాడే ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు వచ్చింది. నర్సు సువార్తమ్మ జీపుకు ఆమె భర్త ఏసుపాదం లాగుడు కొక్కెం బిగిస్తున్నాడు.

"బంపరుకే పెట్టెయ్యొచ్చుగదండీ, తొందరగా అయిపోద్ది," అందామె.

"అది ఉత్త రేకు. గట్టిగా లాగితే కొక్కెం ఊడొచ్చి మనిషిని కొట్టుద్ది. కింద ఉక్కు చట్రం, ఆ ఛాసిస్‌కే బిగించాలి."

"నేను బురదలో దిగబడను," అని నొచ్చుకుంది జీపు.

"దిగబడవులే తల్లీ," అంటూ అతను బోల్టులు బిగించాడు.

మర్నాడు నొప్పులు పడుతున్న దుర్గను ఆసుపత్రికి తెస్తుంటే జీపు ఇరుసుదాకా కూరుకుపోయింది. సిగ్గుపడుతూనే ముందు పోతున్న చేపల లారీని పిలిచింది. సువార్తమ్మ దుర్గను దూరంగా గట్టు మీద కూర్చోబెట్టి, లారీకి కట్టిన లాగుడు బెల్టును కొక్కేనికి తగిలించి తనూ పక్కకు తప్పుకుంది. లారీ మెల్లగా లాగింది. బెల్టు బిగుసుకుంది, జీపు మూలిగింది, కొక్కెం మాత్రం కదల్లేదు. చివరికి బురదే వదిలింది.

సాయంత్రానికి దుర్గకు ఆడపిల్ల పుట్టింది. ఏసుపాదం అన్నం క్యారియర్‌తో ఆసుపత్రికి వచ్చేసరికి బిడ్డ సువార్తమ్మ ఒళ్లో నిద్రపోతోంది. ఆమె కదలకుండా నోరు తెరిచింది. అతను నవ్వుతూ ముద్ద కలిపి పెట్టాడు.