సీతారాములు అలవాటు

వాగు పొంగి కోస్గి సాలెవాడలో మగ్గం గుంటలన్నీ నీళ్లతో నిండిన ఏడాది. ఆ వరదలోనే, భాద్రపదంలో, సీతారాములు రామచంద్రయ్య ఇంటికి వచ్చాడు. గుంట ఎండి మగ్గం మళ్లీ ఆడేసరికి చలికాలం. ఆ చలికాలంలోనే సీతారాములుకు నల్లమందు అలవాటైంది.

వైశాఖంలో ఒకరోజు పొద్దున పడుకున్న సీతారాములు సాయంత్రం దాకా లేవలేదు. కుదిపినా లేవలేదు. రామచంద్రయ్య భార్య ఆండాళు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఉంది. ఉందంటే ఉంది.

తెల్లారి రామచంద్రయ్య ఒక్కడే సర్కారు దవాఖానకు పోయి వరుసలో కూర్చున్నాడు. దవాఖాన కొత్తది. డాక్టరు ఆంధ్ర నుంచి వచ్చినవాడు. దగ్గుకు పోయినా, తేలు కుట్టి పోయినా ముందు ఒకటే అడిగేవాడు. ఇంట్లో ఎవరికైనా కల్లు, సారా, నల్లమందు అలవాటుందా అని. చెప్పింది కాగితం మీద రాసుకునేవాడు.

"కల్లు తాగనోడు ఊర్ల ఎవడున్నడు సారూ. నీ కాయితం సాలది," అంది ముసలి వెంకటనర్సమ్మ. అందరూ నవ్వారు. డాక్టరూ నవ్వాడు.

రామచంద్రయ్య వంతు వచ్చింది.

"ఏమిటయ్యా?"

"దగ్గు సారూ."

డాక్టరు గొట్టం పెట్టి చూశాడు. "దగ్గేం లేదే. సరే, కల్లు తాగుతావా?"

"ముట్టను."

"నల్లమందు?"

"నేను తినను."

డాక్టరు కలం ఆపాడు. "నువ్వు తినవు. మరి ఇంట్లో?"

రామచంద్రయ్య తన కాళ్లవైపు చూసుకున్నాడు. వెనక అందరూ వింటున్నారు.

"సీతారాములు," అన్నాడు.

వరుసలో ఉన్న సాలెవాడ ఆడవాళ్లు ముగ్గురూ తలలు దించుకున్నారు. వాళ్లలో పక్కింటామె ఒళ్లోని పిల్ల మీదికి కొంగు లాక్కుంది. వెంకటనర్సమ్మ గోడవైపు తిరిగింది.

"ఎవరతను?"

"మా ఇంటోడే."

"ఎన్నేళ్ల నుంచి?"

"ఏండ్లు గాదు సారూ. నాలుగు నెలలు."

"ఎంత తింటాడు?"

"తొలుత ఆవగింజంత. ఇప్పుడు జొన్నగింజల సగం."

డాక్టరు తేలిగ్గా ఊపిరి వదిలాడు. "అంతేనా? నేనింకా ఎంతో అనుకున్నాను. శనగగింజంత మింగేవాళ్లున్నారు ఇక్కడ. మొదట్లోనే వచ్చావు, మంచి పని చేశావు."

రామచంద్రయ్యకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

"పూటకు అందకపోతే ఎలా ఉంటాడు?"

"వణుకుతడు. ముక్కు కారుతది. ఏం పెట్టినా కక్కుతడు. నిన్నయితే తిన్నంక పొద్దంత లేవలే."

"పనేం చేస్తాడు?"

"పనేం లేదు."

"మరి నల్లమందు ఎవరు తెచ్చిస్తారు?"

"నేనే."

"నువ్వా? ఎందుకు?"

"పండుకోకుంటే మగ్గం ఆడనియ్యడు సారూ. ఒకటే లొల్లి. నేను గుంటల దిగుడుండదు, మా ఆమె నూలు కండెలు సుట్టుడుండదు."

"కొడతాడా?"

"లే. ఏడుస్తడు."

"ఏడుస్తారు. ఆ అలవాటున్నవాళ్లు చాలామంది అంతే." డాక్టరు రాసుకున్నాడు. "మొదట ఎవరు అలవాటు చేశారు?"

రామచంద్రయ్య కండువా కొంగు వేలికి చుట్టుకున్నాడు. బయట ఎవరో దగ్గారు.

"నేనే సారూ. నా చేత్తోనే."

డాక్టరు తలెత్తి చూశాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది రామచంద్రయ్యకు.

"ఒక్కసారిగా ఆపకు. ఇవాళ సగం చెయ్యి. రేపు పొద్దునే తీసుకురా, చూసి మందిస్తాను. మొండికేస్తే ఇద్దరు మనుషుల్ని పెట్టి పట్టుకురా."

"ఇద్దరెందుకు సారూ. నేనే తెస్త."

ఇంటికి వచ్చేసరికి ఆండాళు రాట్నం దగ్గర ఉంది.

"చెప్పినవా?"

"చెప్పిన."

"అందరి ముందలనా?"

"ముందలనే."

ఆమె కండె కింద పెట్టింది. "రేపు తోల్కపోతే వాడంత చూస్తది. ఏం మొకం పెట్టుకొని పోతవ్?"

"ఇదే మొకం," అన్నాడు.

మగ్గం మీద పెళ్లివారి చీర సగంలో ఉంది. ఎల్లుండికి దింపి ఇవ్వాలి. ఆ సాయంత్రం మందు సగమే అందిన సీతారాములు లొల్లికి మగ్గం ఆడలేదు. పక్కింటి మగ్గం చప్పుడు మాత్రం ఆగకుండా వినిపించింది. ఆ ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున రామచంద్రయ్య గుంటలో దిగలేదు. మగ్గం పక్కన పాత చీరతో కట్టిన ఉయ్యాల విప్పి, ఆ పాత చీరలోనే ఎనిమిది నెలల సీతారాములును చుట్టి ఎత్తుకుపోయి, అందరూ చూస్తుండగా డాక్టరు బల్ల మీద పడుకోబెట్టాడు.