తాత సిలిండర్

“మీటరు ముల్లు మళ్లీ పడిపోతోంది. త్వరగా బిగించండి!” అంది ఆవిడ.

మెకానిక్ స్పానర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. “ఇది ఎప్పుడూ వచ్చే సిలిండర్ కాదమ్మా. స్టాకు లేదని విదేశాల నుంచి వచ్చిన పాత సరుకు పంపారు. మెడ మీద ‘అజోట్’ అని ఉంది. అదేం గాలో నాకైతే తెలీదు.”

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అద్దం వెనక తాత ఎప్పటిలాగే కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఏళ్ల తరబడి ఆయన మంచిచెడ్డలన్నీ ఆవిడవే. ఆయన కట్ల మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వదు. కిందటేడు ఒక్క పూట గాలి తేడా చేస్తేనే తాత కాలివేళ్లు నల్లబడ్డాయి. ఆ రోజు ఆవిడకు ముద్ద దిగలేదు.

“ఇప్పుడున్న సిలిండర్ ఎంతసేపొస్తుంది?”

“అడుగంటింది. పోనీ, ఇదే పెట్టేద్దామా?”

“పెట్టాక అది వేరే గాలని తేలితే? తాతకేమన్నా అయితే డైరెక్టర్‌గారికి ఏం మొహం చూపించను?”

అన్నయ్యకు ఫోన్ చేసింది. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. మొదలెట్టాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

“అజోటా! ఆ పేరు ఇంకా బతికే ఉందా? నైట్రోజన్‌కి పాత పేరే అది. ప్రాణం నిలవనిది అని అర్థం. పూర్వం ఏం చేశారంటే...”

“అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది, పాఠం తర్వాత! అందులో ఆక్సిజన్ ఏమన్నా ఉంటుందా?”

“రవ్వంత కూడా ఉండదు. ఒట్టి అదే పీలిస్తే ఎంతటివాడైనా నిమిషాల్లో పోతాడు.”

“ఖాయమేనా?”

“ఖాయం. తాతకేగా? నిశ్చింతగా పెట్టెయ్.”

“అమ్మయ్య!” ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. కొంగుతో కళ్లు ఒత్తుకుని మెకానిక్ వైపు తిరిగింది. “తగిలించండి.”

అతను నట్టు బిగించి వాల్వు తిప్పాడు. గాలి బుస్సుమంటూ గొట్టంలోకి వెళ్లింది. ముల్లు మెల్లగా పైకి లేచింది. తాత కిక్కురుమనలేదు.

బయట మ్యూజియం చూడ్డానికి వచ్చినవాళ్ల అలికిడి మొదలైంది. ఆవిడ అద్దం మీద తన వేలిముద్రలు తుడిచి, వెళ్లి తలుపు తీసింది.

తాత పోయి మూడు వేల ఏళ్లయింది.